ఎనిమిదో మలుపు, మూడో గేరు

నా బండి బలం తీసేసింది నా బావమరిది. రెండేళ్ళపాటు అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ నేను చెప్పింది ఇదే. అతని చేతికి ఇవ్వకముందు ఆ బండి కొండమీద ఎనిమిదో మలుపు మూడో గేరులో ఎక్కేది. అతని చేతినుంచి వచ్చాక రెండో గేరులో కూడా మూలిగింది. ముందు అలా, తర్వాత ఇలా, మధ్యలో అతను. పల్లె బడిలో ఏడో తరగతితో ఆగినవాణ్ణి. ఇంతకన్నా పెద్ద తర్కం నాకు తెలియదు.

నా పని చేపపిల్లల్ని కొండమీది సరస్సుకు చేర్చడం. కింద మైదానంలో వాటిని పెంచే కేంద్రం ఉంది. పైన సరస్సులో వదిలితే పెరుగుతాయి. మధ్యలో పందొమ్మిది మలుపులు, చివర రెండు మైళ్ళు కంకర దారి. నాలుగు చక్రాలూ లాగే డీజిలు జీపు నాది. దాని వెనక ట్రైలరు. ట్రైలరు మీద నీళ్ళ ట్యాంకు, పక్కన ఆక్సిజన్ సిలిండరు. ఒక్కో ట్రిప్పుకు వేలిగోరంత పిల్లలు ఇరవై వేలు. సిలిండరు అయిదు గంటలు వస్తుంది. ఒకప్పుడు నేను నాలుగు గంటల్లో పైన ఉండేవాణ్ణి. ఒకసారి నింపిన డీజిలుతోనే పైకి వెళ్ళి కిందికి వచ్చేవాణ్ణి.

ఆ తర్వాత అయిదుంబావు పట్టసాగింది. డీజిలు కొండ సగంలోనే అయిపోయేది. డబ్బాతో వెంట తెచ్చుకుని, బండి ఆపి, గరాటు పెట్టి పోసుకునేవాణ్ణి. దానికి ఇంకో పావుగంట. చేపలకు మన కష్టాలతో పనిలేదు. గాలి అయిపోయాక ఓ అరగంట ఓర్చుకుంటాయి, నీళ్ళు వేడెక్కితే అదీ లేదు, వెల్లకిలా తేలతాయి.

ట్రైలరు తగిలించేది నా భార్య. ఇరవై ఆరేళ్ళు మా పని పంపకం అదే. నేను స్టీరింగు దగ్గర, ఆమె వెనక. నేను బండిని వెనక్కి నడిపితే ఆమె కొక్కెం దించేది, గొలుసు వేసేది, దీపాల వైరు గుచ్చేది, ట్రైలరు చేతిబ్రేకు వదిలేది. అద్దంలో ఆమె భుజం తప్ప ఏమీ కనబడేది కాదు. చివరగా ట్యాంకు మూత పడిన చప్పుడు, టక్కుమని. వెంటనే, "ఊఁ, పోనీ!" నేను క్లచ్చి వదిలేవాణ్ణి. ఆమె పరిగెత్తుకొచ్చి పక్కన ఎక్కేది. నేను ఆగేవాణ్ణి కాదు. ఆమె ఆగమనేదీ కాదు.

ఆమె తమ్ముణ్ణి అందరూ స్పానరు అంటారు. పెళ్ళిచూపులకు కూడా జేబులో స్పానరుతో వెళ్ళినవాడు. ఇంజను పొగ వదులుతోందంటే విప్పి, రింగులు మారుస్తాను, పంపు చూస్తాను అన్నాడు. ఇంజను అతని బల్లమీద ముక్కలుగా ఉన్న రోజున నా భార్య వంటింట్లో కూలబడింది. పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడో రోజున పోయింది. అరగంట ముందు వచ్చినా తేడా ఉండేది కాదని డాక్టరు తనంతట తనే చెప్పాడు. నేను అడగలేదు.

వారానికి స్పానరు ఇంజను బిగించి తెచ్చాడు. మొదటి ట్రిప్పులోనే బండి లాగలేదు. తిన్నగా అతని షెడ్డుకు వెళ్ళాను.

"ఖాళీగా ఎలా పోతోంది బావా?" అన్నాడు.

"ఖాళీ బండితో నాకేం పని?"

"అది కాదు. ట్రైలరుతో సహా తీసుకురా, చూస్తాను."

"నువ్వు చూసింది చాలు."

అంతే. రెండేళ్ళు అతనితో మాట లేదు.

ఈ రెండేళ్ళూ నేను కుదురుగా కూర్చున్నది లేదు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి బోనెట్టు ఎత్తేవాణ్ణి. ఎందుకు ఎత్తానో మూశాక గుర్తుండేది కాదు. బజారులో ఒకడు చిన్న పెట్టె అమ్మాడు. ఇంజను వైర్ల మధ్య పెడితే ముప్పై గుర్రాల బలం పెరుగుతుంది పెదనాన్నా అన్నాడు. పెరిగింది నల్లపొగ. ఇంకొకడు డీజిలులో కలిపే సీసా ఇచ్చాడు. మరొకడు డీజిలు గొట్టానికి అయస్కాంతం కట్టమన్నాడు. కట్టాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. లావుపాటి పొగగొట్టం వేయించాను. దానివల్ల బండి దూరంనుంచి వినబడేది, అంతే. చక్రాల్లో గాలి పెంచాను. ఎక్కడ ఆగినా బోనెట్టు ఎత్తి, చెవి ఆనించి వినేవాణ్ణి.

తర్వాత బరువు తగ్గించడం మొదలుపెట్టాను. బండి కప్పుమీది కడ్డీలు తీసేశాను. స్టెప్నీ తీసేశాను. వెనక బెంచీ తీసేశాను. చివరికి ముందువైపు పక్క సీటు కూడా విప్పి వరండాలో పడేశాను.

మా అమ్మాయి ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. వారానికోసారి వచ్చి నేను బతికే ఉన్నానని చూసుకుని పోతుంది. వరండాలో సీటు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మ సీటు ఎందుకు పీకావు నాన్నా?"

"పద్దెనిమిది కిలోలు."

"ఇంకేం పీకుతావు? తలుపులా?"

"ఆలోచిస్తున్నాను."

తలుపుల సంగతి నిజంగానే ఆలోచిస్తున్నాను.

ఇంకొక తలనొప్పి ట్రైలరు బ్రేకులు. రెండేళ్ళలో మూడుసార్లు అరిగిపోయాయి. అంతకుముందు ఒక జత ఆరేళ్ళు వచ్చేది. దానికీ నా దగ్గర సమాధానం ఉంది. ఇంజనుకు బిగువు లేదు కనుక కొండ దిగేటప్పుడు భారమంతా బ్రేకుల మీద పడుతోంది. అదీ స్పానరు పుణ్యమే. కొత్తవి వేసి, వదులైనప్పుడల్లా కేబులు గట్టిగా బిగించేవాణ్ణి. దిగేటప్పుడు ప్రాణం కాపాడేవి అవే కదా.

మొన్న ఎండలు ముదిరాక వరసగా రెండు ట్రిప్పుల చేపలు పోయాయి. రెండోసారి సగానికి సగం. సరస్సు ఒడ్డున మూత తీస్తే నీళ్ళు కనబడలేదు, తెల్లటి పొట్టలే కనబడ్డాయి. కింద కేంద్రానికి తిరిగొస్తే మేనేజరమ్మ తొట్ల మధ్య రబ్బరు బూట్లతో నిలబడి ఉంది. ఆమెకు నామీద గౌరవమే. అందుకే తిన్నగా చెప్పింది.

"ఇంకొక్క ట్రిప్పు ఇస్తానండీ. ఈసారి కూడా తేలితే చిన్న లారీవాడికి ఇచ్చేస్తాను. వాడు మూడున్నర గంటల్లో ఎక్కిస్తానంటున్నాడు."

"వాడికి ఆ కంకర దారి తెలుసా?"

"తెలుసుకుంటాడు. మీకు తెలిసీ చేపలు చస్తున్నాయి కదా."

బండి ఎక్కాను. ట్రైలరు వెనక్కి తిప్పుతుంటే ఆమె వెనకనుంచి అరిచింది. "స్తంభం జాగ్రత్త! మళ్ళీ గుద్దేరు!"

పదకొండేళ్ళ కిందట ఒకసారి ట్రైలరును వెనక్కి నెడుతూ ఆ సిమెంటు స్తంభానికి తగిలించాను. ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

"అది దారిలో పాతారు," అన్నాను. ఎప్పుడూ అదే అంటాను.

ఆ పని పోతే నాకు తిండికి లోటని కాదు. కూర్చుని తినడానికి ఉంది. కానీ కూర్చోవడమే నాకు చాతకాదు. ఆ కొండ, ఆ ట్యాంకు, ఆ పందొమ్మిది మలుపులు లేకపోతే పొద్దున్నే లేచి నేను వెళ్ళవలసిన చోటు లేదు. అమ్మాయికి ఆ సంగతి నాకన్నా ముందే తెలుసు.

చివరి ట్రిప్పు రోజు తెల్లవారాక కేంద్రం దగ్గర ట్రైలరు తగిలించుకుని, బ్రేకు దించి, ట్యాంకు నింపించి, సిలిండరు తిప్పాను. గేటు దగ్గర అమ్మాయి స్కూటరు ఆగింది. వెనక సీటులో స్పానరు. స్కూటరు వెనక చక్రం సగం అణిగి ఉంది. రెండేళ్ళలో ఇంకా లావెక్కాడు.

"మామయ్యని తీసుకెళ్ళు," అంది అమ్మాయి.

"ఎందుకు? పాడుచేసింది చాల్లేదా?"

"నాన్నా, నేను పది గంటలకి దుకాణం తెరవాలి. నీతో వాదించే టైం లేదు. ఎక్కు మామయ్యా."

స్పానరు తలుపు తీసి లోపలికి చూశాడు. సీటు లేదు. నాలుగు బోల్టుల రంధ్రాలు ఉన్నాయి.

"ఎక్కడ కూర్చోను బావా?"

"బరువు తగ్గించాను. నీ బరువు ఎంత?"

"తొంభై ఆరు."

"అయిదు సీట్ల బరువు. పీకిందంతా దండగ."

అతను పక్కనున్న ఖాళీ చేపల బుట్ట తెచ్చి, తిరగేసి, దానిమీద కూర్చున్నాడు. బుట్ట కిర్రుమంది. వెనక్కి వంగి ట్రైలరు వైపు చూడబోయాడు.

"దేన్నీ ముట్టుకోకు. దేన్నీ చూడకు. కూర్చో," అన్నాను.

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

నేను క్లచ్చి వదిలాను.

బయలుదేరినప్పుడు సిలిండరు ముల్లు నిండుగా ఉంది. మైదానం దాటాం. గేరు మార్చినప్పుడల్లా ఒకసారి గడియారం, ఒకసారి ఇంజను వేడి ముల్లు, ఒకసారి డీజిలు ముల్లు. స్పానరు కళ్ళు మూసుకుని తల తలుపుకి ఆనించాడు. నిద్రపోతున్నాడనుకుని ఒళ్ళు మండింది.

మొదటి మలుపు దగ్గర కళ్ళు మూసుకునే అన్నాడు. "ఇంజను బాగుంది బావా."

"నీకు బాగానే ఉంటుంది. నువ్వు చేసిందే కదా."

"కాదు, విను. కొట్టుకోవడం లేదు, దగ్గడం లేదు. గుక్కపట్టి లాగుతోంది. ఏదో పట్టుకున్నట్టు లాగుతోంది."

"ఒక టన్ను నీళ్ళని లాగుతోంది."

"ఒక టన్నుకి ఇంత ఆయాసం ఉండదు. ఇంజను వైర్ల మధ్య ఏదో పెట్టె పెట్టావట, ఏంటది?"

"ముప్పై గుర్రాలు."

అతను ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. మళ్ళీ మూశాడు. "గుర్రాలు కాదు బావా, గాడిదలు. ఒకటి కాదు, రెండు. అమ్మినవాడు, కొన్నవాడు."

మూడో మలుపు దాటేసరికి మొదటి గేరుకు వచ్చాను. ఎండ ఎక్కింది. బయలుదేరి రెండు గంటలు. ఒకప్పుడు ఈ సమయానికి ఎనిమిదో మలుపు వెనకబడేది. అప్పుడు అతను తలుపు తీశాడు.

"ఏం చేస్తున్నావు?"

"దిగుతున్నాను."

"ఆపను. ఆపితే చేపలు చస్తాయి."

"ఆపక్కర్లేదు. ఈ వేగానికి మా అమ్మమ్మ కూడా దిగి ఎక్కుతుంది."

దిగాడు. బండి పక్కనే నడిచాడు. తొంభై ఆరు కిలోల మనిషి, కొండ ఎక్కుతున్న నా బండికన్నా ముందుకి వెళ్ళకుండా అడుగులు తగ్గించుకుని నడిచాడు. దానికన్నా పెద్ద అవమానం నాకు ఎవరూ చేయలేదు. తర్వాత వెనకబడి ట్రైలరు దగ్గరికి వెళ్ళాడు. అద్దంలో చూశాను. నీళ్ళ సీసా తెరిచి, నడుస్తూనే వంగి, ట్రైలరు చక్రం మధ్యలో నాలుగు చుక్కలు చల్లాడు. నాకు లోపలికే వినబడింది. పెనం మీద చల్లినట్టు చుయ్యిమంది.

"ఆపు బావా! ఆపు!"

ఆపాను. దిగాను. కాలిన వాసన వస్తోంది. ఆ వాసన నాకు రెండేళ్ళుగా తెలుసు. ఇంజను వాసన అనుకునేవాణ్ణి.

"చేతిబ్రేకు వదిలావా?"

"వదలకుండా కొండెక్కుతానా? చూడు, కింద ఉంది."

బ్రేకు పిడి ట్రైలరు ముందు కడ్డీ మీద ఉంటుంది. తగిలించాక దాన్ని కిందికి దించుతాను. ఎక్కడ ఆగుతుందో అక్కడ వదిలేస్తాను. ఆగింది అంటే దిగినట్టేగా.

స్పానరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిడి పక్కన ఇనప పట్టీ ఉంటుంది. దానికి పళ్ళుంటాయి, పిడి ఒక్కో పన్నూ దాటుకుంటూ దిగుతుంది. ఆ పట్టీ కొద్దిగా లోపలికి వంగి ఉంది. వంగినచోట పిడి తగిలి ఆగింది. దాని కింద ఇంకో పన్ను ఉంది.

"ఒకటి మిగిలిపోయింది బావా. ఇది సగం బ్రేకు వేసుకునే వచ్చింది." లేచి నిలబడి మడమతో పిడిని తన్నాడు.

టక్.

ట్రైలరు నాలుగు వేళ్ళంత వెనక్కి జారి బండిని పట్టుకుని ఆగింది. ట్యాంకులో నీళ్ళు కదిలాయి.

అది ట్యాంకు మూత చప్పుడు కాదు.

ఆ చప్పుడు ఎన్ని వేలసార్లు విన్నానో. టక్. ఊఁ, పోనీ. టక్. ఊఁ, పోనీ. మూత అని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఒక్కసారైనా తల తిప్పి చూసి ఉంటే కనబడేది.

స్పానరు వేలితో పిడి చివర తడిమాడు. అక్కడ రంగు లేదు. ఇనుము నున్నగా మెరుస్తోంది. మడమ ఆకారంలో, చిన్నగా.

"అక్క పాదం చిన్నది," అన్నాడు.

తర్వాత, "నీకు చెప్పలేదా?"

"లేదు."

"ఈ పట్టీ ఎవరు వంచారు? ఎప్పుడు?"

"పాతది," అన్నాను.

పదకొండేళ్ళ కిందటి స్తంభం. ఆ రోజు ఆమె దిగి, ట్రైలరు చుట్టూ తిరిగి చూసి వచ్చింది. ఏమైందన్నాను. ఏం కాలేదులే, పోనీ అంది. స్తంభాన్ని దారిలో పాతారని నేను దారంతా తిట్టాను. ఆమె సరేనంది. పట్టీ వంగిందని చెబితే వంచింది నేను కాదంటాను, రెండు రోజులు మాట్లాడను, తిండి దగ్గర కంచం తోసేస్తాను. అది ఆమెకు తెలుసు. దానికన్నా రోజుకోసారి తన్నడం తేలిక.

మూడు జతల బ్రేకులు నేనే వేశాను. వదులైనప్పుడల్లా నేనే బిగించాను. నా గొంతుకి నేనే ఉరి బిగించుకుని, గాలి ఆడటంలేదని ఊరంతా తిరిగాను.

"చల్లారేదాకా ఆగుదామా?" అన్నాను.

"ఎక్కడమే కదా, బ్రేకుతో పనిలేదు. పోతూ ఉంటే గాలికి చల్లారతాయి. దిగేటప్పుడు గేరులో నెమ్మదిగా దిగుదాం. పద, చేపలు."

బండి కదిలింది. కదలడం వేరుగా ఉంది. క్లచ్చి వదులుతుంటే ఇంజను నన్ను అడగలేదు, తోసుకుపోయింది. అయిదో మలుపులో రెండో గేరు వేశాను. ఏడో మలుపు దాటాక చెయ్యి దానంతట అదే మూడో గేరుకు వెళ్ళింది. రెండేళ్ళుగా వెళ్ళని చెయ్యి. పడింది. ఎనిమిదో మలుపు మూడో గేరులో ఎక్కింది. స్పానరు బుట్టమీద కూర్చుని ముందుకే చూస్తున్నాడు. చూశావా అనలేదు. నేను చెప్పలేదా అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది. తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది.

రోజూ డీజిలు పోసుకునే మలుపు దగ్గర బండి ఆపలేదు. డబ్బా మూత తియ్యలేదు. కంకర దారిలో నాలుగు చక్రాలూ కలిపి, చిన్న గేరులో పడేశాను. రాళ్ళు కింద గడగడలాడాయి. సిలిండరు ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది. బయలుదేరిన నాలుగున్నర గంటలకు సరస్సు ఒడ్డున నిలబెట్టాం.

మూత నేను తియ్యలేదు. స్పానరు తీశాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"ఏంటి?" అన్నాను.

"పది పదిహేను తేలాయి. మిగతావి మనల్ని తిడుతున్నాయి."

వెళ్ళి చూశాను. నీళ్ళు నల్లగా మెలికలు తిరుగుతున్నాయి. గొట్టం సరస్సులోకి దించి వదిలాం. ఇరవై వేలు. ఒక్క నిమిషంలో ఒడ్డు దగ్గర నీళ్ళు మామూలు నీళ్ళయిపోయాయి. అక్కడి కాపలామనిషి కాగితం మీద సంతకం పెట్టాడు. మేనేజరమ్మకు ఫోను చేసి, "బతికే వచ్చాయండీ, అన్నీ," అన్నాడు. లారీవాడి గొడవ ఆ మాటతో తీరింది.

దిగేటప్పుడు ఒకచోట అతను, "ఆ పట్టీ నిటారుగా కొట్టి ఇస్తాను బావా, సుత్తితో రెండు దెబ్బల పని," అన్నాడు.

"వద్దు."

"మళ్ళీ ఇరుక్కుంటుంది."

"తన్నుతాను."



ఇంటి దగ్గర దిగాక నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి, అతను వరండాలో సీటు ఎత్తుకుని బండి దగ్గర నిలబడి ఉన్నాడు. జేబులో స్పానరు ఉండనే ఉంది.

"పద్దెనిమిది కిలోలు," అన్నాడు, నా ముఖం చూడకుండా.

"బిగించు," అన్నాను.

నాలుగు బోల్టులు. బిగిస్తున్నంతసేపూ నేను చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అతను ఒక మాట కోసం చూస్తున్నాడని తెలుసు. ఇంజను నువ్వు బాగానే కట్టావు అనాలి. నాలుగే మాటలు. నాలుగో బోల్టు బిగించాక లేచి, చేతులు తుడుచుకుని, ఇంకాసేపు నిలబడ్డాడు. నేను బోనెట్టు ఎత్తి, అయస్కాంతం పీకి, అవతల పారేశాను. అతను వెళ్ళిపోయాడు.

సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది.

"ఏమైంది నాన్నా? బండిలో లోపం ఏంటట?"

"బ్రేకు."

"ఇంజను కాదా?"

"బ్రేకు అన్నానుగా."

"మరి మామయ్యతో ఏమన్నావు?"

ఫోను పెట్టేశాను.

ఇప్పుడు ట్రైలరు తగిలించాక దిగివెళ్ళి మడమతో తన్నుతాను. ఒక్క దెబ్బకు పడదు, రెండు కావాలి. ఆమె ఒక్కదానితో ఎలా పడేసేదో తెలియదు. తన్నాక ఊరికే నిలబడతాను. పొమ్మనేవాళ్ళు లేరు. కాసేపాగి నేనే ఎక్కి పోతాను.

తొమ్మిదేళ్ళు తన్నింది. ఒక్కమాట చెప్పలేదు. చెప్పి ఉంటే నేను అరిచేవాణ్ణి, నిజమే. అయినా చెప్పవలసింది. దానికి ఆమెను క్షమించలేదు. నన్ను క్షమించడానికి ఆమె లేదు.

బావమరిది ఇంజను బాగానే కట్టాడు. అది ఇక్కడ రాశాను. నోటితో అనను. అతను అడిగినా అనను, అమ్మాయి ఏడ్చినా అనను. నా భార్య తొమ్మిదేళ్ళు నోరు మూసుకోగలిగింది. నాకు మిగిలిన ఈ నాలుగేళ్ళూ నేనూ మూసుకోగలను. బండి బాగుంది. చేపలు బతుకుతున్నాయి. ఈ సంగతి నా దగ్గర ఇంకెవరూ ఎత్తవద్దు. ఎత్తినా నేను మాట్లాడను.